పులిహోరలో చెయ్యి

పోపులో ఇంగువ పడిన వాసన వస్తే చాలు, నాకు రుస్తాఖ్ ఊరి జాతర గుర్తుకొస్తుంది. ఈ శుక్రవారం కూడా, ఈ అరబ్బు దేశంలో, ఘుబ్రాలోని మా ఫ్లాట్ వంటింట్లో పులిహోర కలుపుతున్నాను. వాసనతో పాటే ఓబులమ్మ వచ్చి గడప దగ్గర కూర్చున్నట్టయింది.

ఓబులమ్మది కడప జిల్లా. మా పాప మిన్నుకు ఆరో నెలలో, నేను తిరిగి ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చినప్పుడు మా ఇంట్లో పనికి కుదిరింది. ఐదేళ్లు ఉంది. మనిషి మంచిది, అదే నా ఖర్మ. చెడ్డదైతే ఏనాడో పంపేసేదాన్ని. సాయంత్రం నేను వచ్చి చేతులు చాపితే మిన్ను ఆవిడ కొంగు వెనక దాక్కునేది. నిద్రలో కలవరించినా "ఓబూ" అనే. కన్నది నేను, కానీ అది ఆవిడ యాసలో "యాడికి పోతాండావు మా?" అని నన్నే అడిగేది! మావారు పడీపడీ నవ్వేవారు. నాకు మాత్రం కడుపు మండిపోయేది.

మిన్నుకు నాలుగేళ్లప్పుడు, చలికాలంలో, రుస్తాఖ్ వైపు గుర్రాల, ఒంటెల జాతర జరుగుతుంటే అందరం కారులో వెళ్లాం. ఆ ఒక్క రోజైనా పిల్ల నాదే కావాలని ముందే నిశ్చయించుకున్నాను. మైదానం పక్కన చాప పరిచి, క్యారియర్లు దింపి, "నువ్విక్కడే ఉండు ఓబులమ్మా, సామాను ఎవరైనా ఎత్తుకుపోతారు" అన్నాను.

ఆవిడ చుట్టూ చూసింది. తలుపులు బార్లా తీసిన కార్లు, మనుషుల్లేని చాపలు. "ఈ దేశంలో మన పులిహోర ఎవురు ఎత్తకపోతారు మా?" అంది.

"చెప్పింది చెయ్యి."

"సరేలే మా" అని కూర్చుంది.

గుర్రాలు జంటలు జంటలుగా దుమ్ము లేపుతూ దూసుకొచ్చాయి. రౌతులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పరుగెత్తే గుర్రాల మీద లేచి నిలబడుతున్నారు. మిన్నును ఎత్తి చూపించాను. "ఓబూకి చూపిద్దాం" అంది. ఒళ్లు మండింది. మావారు వద్దంటున్నా వినకుండా, దాన్ని తీసుకెళ్లి ఒంటె ఎక్కించి, వెనక నేను కూర్చున్నాను. ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు లేపుతుందని నాకేం తెలుసు? ఇద్దరం ముందుకు తూలిపోయాం. మిన్ను గొంతు చించుకుని "ఓబూ!" అని అరిచింది. నడుం చుట్టూ నా చెయ్యే ఉంది, అయినా అమ్మా అనలేదు.

ఒంటె యజమాని, పెద్దాయన, గబగబా ఒంటెను కూర్చోబెట్టి మమ్మల్ని దింపాడు. ఏడుస్తున్న పిల్లను చంకనేసుకుని చాప దగ్గరికి నడిచాను. నా కళ్లు కూడా నిండే ఉన్నాయి. దూరం నుంచే ఓబులమ్మ లేచి చేతులు చాపింది. మిన్ను అటు దూకబోయింది. అప్పుడు ఓబులమ్మ నా ముఖం చూసింది. చటుక్కున కూర్చుని, క్యారియర్ మూత తీసి, కుడిచెయ్యి మణికట్టు దాకా పులిహోరలో పెట్టేసింది. ఎడం చెయ్యి కొంగులో దాచుకుంది.

"చేతులు ఎంగిలి గదా అమ్మీ, ఎట్ల ఎత్తుకునేది? అమ్మ కాడనే ఉండు. గట్టిగా పట్టుకుంటాది."

మిన్ను కాసేపు గింజుకుంది. తర్వాత నా మెడ చుట్టూ చేతులు వేసి, వెక్కుతూ వెక్కుతూ అలాగే నిద్రపోయింది. పాప తినకుండా ఓబులమ్మ ఏనాడూ మెతుకు ముట్టేది కాదు. ఆ రోజూ ఒక్క మెతుకు నోట్లో పెట్టలేదు. ఆ చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది. "గుర్రాలు బలే ఉండాయి మా" అంది అటు తిరిగి. అక్కణ్నుంచి దుమ్ము తప్ప ఏమీ కనిపించదు.

దండం పెట్టాల్సిన దాన్ని నేను ఏమన్నానో తెలుసా? "అందరూ తినే అన్నంలో చెయ్యి పెట్టావేంటి?" అన్నాను.

"తప్పయింది మా" అంది.

ఆవిడ ఊరెళ్లిపోయి నాలుగేళ్లు దాటింది. మిన్నుకిప్పుడు పదేళ్లు. ప్రతి శుక్రవారం వీడియో కాల్‌లో ఇద్దరూ విరగబడి నవ్వుకుంటారు. నేను గదిలో బట్టలు మడతపెడుతూ ఇప్పటికీ కుళ్లుకుంటాను.

ఇందాక మిన్ను ఊడిన పన్ను అరచేతిలో పెట్టుకుని, ఏడుపు ముఖంతో పరుగెత్తుకొచ్చింది. హాల్లో చేతులు చాపిన వాళ్ల నాన్నను దాటుకుని నా దగ్గరికే వచ్చింది. ఆయన ముఖం చూశాను. ఆ ముఖం నాకు బాగా తెలుసు. గరిటె పక్కన పడేసి పులిహోరలో చెయ్యి పెట్టేశాను.

"చేతులు ఎంగిలి తల్లీ. నాన్న దగ్గరికి వెళ్లు."

"నువ్వింకా తిననేలేదుగా?" అంది మిన్ను. "ఆ చెయ్యి ఖాళీగానే ఉందిగా?"

ఎడం చెయ్యి దాచుకోవడం మరిచిపోయాను. ఇందులో కూడా ఓబులమ్మదే పైచేయి, ఏం చేస్తాం.