మా అమ్మ ఇచ్చిన గ్రీన్ పార్టీ

మా చిన్నప్పుడు... ఒక శనివారం మధ్యాహ్నం, అమెరికాలోని మోరిస్‌విల్‌లో మా ఇంటి ముందు నుంచి వీధి చివరిదాకా కార్లు ఆగాయి. దిగిన వాళ్లందరి చేతుల్లో స్వీట్ బాక్సులు, పూలగుత్తులు. గుమ్మంలోనే అమ్మకి కంగ్రాట్స్ చెప్పి లోపలికి వస్తున్నారు. అమ్మ నవ్వుతోందే గానీ, ఎందుకు చెబుతున్నారో పాపం తనకి అంతుపట్టడం లేదు.

అప్పటికి మేము ఆ ఊరికి కొత్త. అమ్మ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. పాత ఊళ్లో ఉన్నప్పుడే అమ్మా నాన్నా సిటిజన్లయ్యారు. ఇక్కడికి రాగానే అమ్మ, పర్యావరణం కోసం ఎన్నికల్లో నిలబడే గ్రీన్ పార్టీలో చేరింది. ఎక్కడ చెట్టు కొట్టినా తనకి ఆ రోజు అన్నం సహించేది కాదు. పార్టీ అంటే ఏదో ఊహించుకోకండి... సభ్యులందరూ మా డైనింగ్ టేబుల్ చుట్టూ సరిపోయేవారు. ఆ ఏడు కౌంటీ, అంటే మన జిల్లాలాంటిది, దాని ఎన్నికల్లో ఒక సీటుకి నిలబడే మనిషి దొరక్క అమ్మని నిలబెట్టారు.

తెలుగువాళ్లంతా తనకే ఓటేస్తారనుకుంది మా పిచ్చి అమ్మ. అందరికీ ఫోన్లు చేసి, శనివారం మా ఇంట్లో గ్రీన్ పార్టీ అండీ, భోజనానికి రండి అని పిలిచింది.

మరి మనవాళ్లకి గ్రీన్ అంటే ఇంకేముంటుంది... కార్డే కదా. కొత్తగా వచ్చినవాళ్లకి గ్రీన్ కార్డ్ వచ్చింది, ఆ సంతోషంలో పార్టీ ఇస్తున్నారు అనుకున్నారు.

పైగా అమ్మ వంటలన్నీ కావాలని పచ్చగా చేసింది. పెద్ద డబరా నిండా గోంగూర పులిహోర, పాలకూర పప్పు, కొత్తిమీర పచ్చడి, పెసరట్లు. థీమ్ భలే ఉందని ఆంటీలు మెచ్చుకున్నారు. ఒక అంకుల్ నాన్నని పక్కకి తీసుకెళ్లి, మీది ఈబీ టూనా, త్రీనా, ప్రయారిటీ డేట్ ఎప్పటిది అని, ఏ గ్రీన్ కార్డ్ క్యూలో ఎన్నేళ్లున్నామో ఆరా తీశారు. నాన్న ముఖంలో అప్పుడు నెత్తురు చుక్క లేదు.

అమ్మ అద్దం ముందు నిలబడి వారం రోజులు ప్రాక్టీస్ చేసిన ఉపన్యాసం ఒకటుంది. అది మొదలుపెట్టబోతుంటే సుధాకర్ అంకుల్ ఎదురొచ్చారు. వరంగల్ నుంచి వచ్చి ఏళ్ల తరబడి గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్న మనిషి. అమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు.

"అక్కా, మీకొచ్చిందంటే ఇగ మాకూ వస్తదక్కా."

అంతే... అమ్మ ఉపన్యాసం అక్కడే ఆగిపోయింది. సిటిజన్లకే ఓటు కాబట్టి, ఆ ఇంట్లో ఓటున్నవాళ్లు తనూ నాన్నా తప్ప ఎవరూ లేరని కూడా అప్పుడే తట్టినట్టుంది. థ్యాంక్స్ అని మాత్రం అని, వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. మూల నిలబడి, ఎవరూ నన్ను ఏమీ అడక్కూడదని దండం పెట్టుకున్నాను.

అందరూ వెళ్లాక సుధాకర్ అంకుల్ ఉండిపోయి స్టీలు కంచాలు కడిగిపెట్టారు. చెత్త వేయడానికి గరాజ్‌లోకి వెళ్లి, అమ్మ పేరున్న ఎన్నికల బోర్డులు చూశారు. అమ్మ తల వంచుకునే సంగతంతా చెప్పింది. ఆయన పడీపడీ నవ్వారు. నవ్వడం అయ్యాక, తనకి ఓటు హక్కు వచ్చిన రోజున మొదటి ఓటు అక్క పార్టీకే అన్నారు. మర్నాడే సుత్తి పట్టుకుని వచ్చి, వీధి వీధికీ తిరిగి బోర్డులు పాతారు.

ఆ ఎన్నికలో అమ్మ అందరికన్నా చివర వచ్చింది. టీవీలో తన పేరు కూడా వేయలేదు, 'ఇతరులు' అన్నారు. స్కూల్ బస్సులో నేను వెనక సీట్లోకి మారిపోయాను. తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ భోజనాల్లో ఆంటీలు, మళ్లీ గ్రీన్ పార్టీ ఎప్పుడండీ అని అడిగితే అమ్మ కూడా నవ్వేది. ఇంటికొచ్చాక మాత్రం తిన్నగా గదిలోకి వెళ్లి తలుపేసుకునేది.

తర్వాతిసారి పార్టీలోని ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ నిలబడ్డాడు. ఎవరో ఇండిపెండెంట్ పుణ్యమా అని చివర్నించి రెండో స్థానం... ఆ రోజు అమ్మ పరమాన్నం వండింది. ఆ పైసారి ఓట్లు కాస్త ఎక్కువే వచ్చాయి. మీరు ఓట్లు చీల్చబట్టే మా పార్టీవాడు ఓడిపోయాడని పక్కింటావిడ మాతో మాట్లాడ్డం మానేసింది. గెలవక ఒక సిగ్గు, నాలుగు ఓట్లు వస్తే ఇంకో సిగ్గు. ప్రతిసారీ బోర్డులు పాతింది మాత్రం సుధాకర్ అంకులే, అది కూడా ఓటు లేకుండానే.

ఏళ్లు గడిచాయి. టేబుల్ చుట్టూ కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఈమధ్య ఎన్నికలకి బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండటానికి కావలసిన ఓటర్ల సంతకాలు కూడా పోగవలేదు. సరిగ్గా దానికి ముందే సుధాకర్ అంకుల్ సిటిజన్ అయ్యారు. ఈసారి బోర్డులు ఎప్పుడు పాతాలక్కా అని ఫోన్ చేస్తే, చెబుతాను తమ్ముడూ అని అమ్మ మాట దాటేసింది. నిజం చెప్పమని నేనూ పోరాను. ఏ ముఖం పెట్టుకుని చెప్పమంటావే అంది.

ఓటేసిన రోజు సాయంత్రం ఆయన తిన్నగా మా ఇంటికి వచ్చారు. ఇస్త్రీ చొక్కా, దాని మీద ఓటేసినట్టు ఇచ్చిన స్టిక్కర్. అమ్మ లేచి నిలబడింది, కానీ ఆయన ముఖంలోకి చూడలేకపోయింది.

"పేపర్ అటూ ఇటూ తిప్పి మొత్తం చూసినక్కా. మీ పార్టీ పేరు యాడా లేదు. ఆ సీటు కాడ ఎవ్వరికీ ఎయ్యలే... ఖాళీగనే ఇడిచిపెట్టిన."

తప్పు తనదే అన్నట్టు, చాలా మెల్లగా చెప్పారు.

ఇప్పుడు మా వీధిలో తెలుగువాళ్లలో చాలామందికి ఓటుంది. ఇళ్ల ముందు పెద్ద పార్టీల బోర్డులున్నాయి. మా ఇంటి ముందు గడ్డిలో ఏదీ లేదు... అమ్మ వీధి వైపు కిటికీ దగ్గర కూర్చోవడం కూడా మానేసింది. మీ ఇళ్లలో కూడా ఇలా ఓడిపోయేవాళ్ల వెంటే నడిచినవాళ్లు ఉంటే చెప్పండి... మా అమ్మకి చదివి వినిపిస్తాను.