తొలివేట వాటా

ఆటో తాళం చెవి లాక్కుని దేవి డ్రైవరు సీట్లో కూర్చున్న పూట మరిడమ్మ అక్కడే ఉంది. దించుకునే ధ్యాసలో పడితే ఒక్క మాటైనా తప్పిపోతుందేమోనని, చేపల తట్ట నెత్తి మీద ఉండగానే ఆ తగువంతా చూసింది.

కళింగపట్నం పక్కన వాళ్ళ పేట. అక్కణ్ణుంచి శ్రీకాకుళం బజారుకు చేపలు చేరవేసే ఆటోవాళ్ళకు ఒక పాడు అలవాటు ఉండేది. కిరాయికి కిరాయి తీసుకోవడం, దిగేటప్పుడు తట్టలోంచి బాగున్న చేప ఒకటి కూరకని ఎత్తుకోవడం. అలాంటిది దేవి సైకిల్ వెనక పెట్టె కట్టి, తన సరుకుతో పాటు ఇద్దరు ముసలాళ్ళ సరుకు కూడా వేసుకుపోవడం మొదలుపెట్టేసరికి వాళ్ళకు కడుపు మండింది. ఆ పొద్దున్న ఒడ్డు మీద చేపల వేలంపాట ముగిసేలోగా ఎవడో ఆ సైకిల్ రెండు చక్రాల్లోనూ గాలి తీసేశాడు. ఎవడో ఏమిటి, ఆటో డ్రైవరు వెంకీయే. ఆటోకి చేరబడి, ఎన్నడూ చూడని ఆకాశం చూస్తూ నిలబడ్డవాడు ఇంకెవడు?

దేవి అరవలేదు. పెట్టె విప్పి ఆటోలో పెట్టింది, తాళం లాగింది, కూర్చుంది.

"దిగే, దిగు. ఇదేటి, నీ బాబు ఆటో అనుకున్నావేటి?"

"మా బాబుది కాదు. నా సక్రాల్లో గాలి పోయినాది. ఇంక ఇందులోనే వస్తాను."

"గాలి నాను తియ్యలేదు."

"నువ్వు తీసినావని నాను సెప్పినానా? పోయినాదని సెప్తన్నాను. నీకెందుకురా అంత ఉలుకు?"

తట్టల వాళ్ళు పకపకా నవ్వారు. ఎండెక్కుతోంది. ఆటో నిండా అప్పటికే తట్టలున్నాయి, ఐసు కరిగి కారుతోంది. నవ్విన నోళ్ళే కాసేపటికి వెంకీ మీదకు తిరిగాయి. "ఒరే, ఆ గుంట సైకిల్‌కి గాలి కొట్టీరా. సేపలు కంపెక్కిపోతే నీ పెల్లాం కొంటాదేటి?" వెంకీ పంపు ఎరువు తెచ్చి చొక్కా తడిసిపోయేలా కొట్టాడు. దేవి దిగి, చక్రం నొక్కి చూసి, "ఎనకదానికి ఇంకొంచెం కొట్టు" అంది. ఆ మాటకు మరిడమ్మకు పదేళ్ళ వయసు తగ్గినట్టయింది.

దేవి జోగయ్య కూతురు. జోగయ్య మరిడమ్మకు అన్న కొడుకు, అందుకని ఆ పిల్ల ఆమెను మామ్మా అని పిలుస్తుంది. పేటలో ఆడది పడవెక్కదు. చేప ఒడ్డుకొచ్చాకే ఆడదాని చేతికొస్తుంది, మొయ్యడం, అమ్మడం, ఎండబెట్టడం అప్పుడు మొదలు. వేటలో వాటా మాత్రం పడవెక్కినవాడికే. చిన్నప్పుడు దేవి తండ్రి వెనకాల నీళ్ళలోకి పరిగెత్తి, "నాను ఎక్కుతాను, నాకూ వాటా కావాలి" అని ఏడ్చి వీపు మీద దెబ్బలు తినేది. తరవాత ఒక తుపానుకు పడవను ఒడ్డుకు లాగుతుంటే కెరటం తిప్పి కొట్టి జోగయ్య కాలు పడవ కింద నలిగింది. ఆ ఇంట్లో ఇంక వాటా తెచ్చే మనిషి లేకుండా పోయాడు. పదో తరగతి పాసైన దేవి, తండ్రి సైకిల్‌కి పెట్టె కట్టింది.

సగం శ్రీకాకుళంలో అమ్మి, మిగిలింది ఎచ్చెర్ల దాకా తీసుకుపోయి, అద్దెగదుల్లో వండుకు తినే చదువుకునే పిల్లలకు అమ్మేది. ఆ దారిలోనే పృథ్వీరాజ్ కంటపడింది. ఆయన విశాఖపట్నంలో సైకిల్ క్లబ్బు నడుపుతాడు. క్లబ్బంటే బ్యాంకు ఆఫీసర్లు, డాక్టర్లు, కంపెనీలవాళ్ళు. ఆదివారం వస్తే ఒంటికి అతుక్కునే బట్టలు తొడుక్కుని, ఏ ఊళ్ళోనూ పని లేకపోయినా ఊరూరూ తిరిగేవాళ్ళు. ఎదురుగాలికి చేపల పెట్టెతో తొక్కుతున్న ఈ పిల్లను చూసి ఆయన ఆగాడు. తరవాత నెలకు రెండుసార్లు వచ్చి నేర్పాడు. క్లబ్బు సైకిల్ ఒకటి తెచ్చి పేటలో ఉంచాడు. ఉన్న మాట చెప్పుకోవాలి, నేర్పడం బాగానే నేర్పాడు. కడుపు మంట అంతా ఆ తరవాతి సంగతికే.

రెండు వేల పదహారులో, చలికాలం చివర ఆయన పేటకు వచ్చి జోగయ్య మంచం మీదే కూర్చుని చెప్పాడు. క్లబ్బు వాళ్ళందరూ అండమాను వెళ్తున్నారు. పది రోజులు అక్కడే మకాం. పొద్దున్న సైకిల్ సాధన, సాయంత్రం సముద్రస్నానం. మంచి ఎండ, మంచి కొండదారులు. దేవి ఖర్చు క్లబ్బే పెట్టుకుంటుంది. "ఆఖరి రోజు దీవి కొసన ఉన్న చిడియా టాపు దాకా పెద్ద రైడు ఉంటుంది. సైకిల్ సంఘం పెద్దాయన ఒకరు అక్కడ నిలబడి చూస్తారు. మన రాష్ట్ర జట్టు ఎంపికకు పేర్లు ఆయనే పంపాలి. దేవి తొక్కడం ఆయన కంట్లో పడితే చాలు" అన్నాడు.

"ఎండ కోసం ఓడెక్కాలేటి బాబూ?" అంది మరిడమ్మ. "మా పేటకి రమ్మను. బొబ్బలెక్కినంత ఇస్తాం."

ఆయన నవ్వాడు. కులపెద్దలు నవ్వలేదు. వయసొచ్చిన పిల్లను మగాళ్ళ గుంపుతో సముద్రం దాటిస్తే రేపు పేటకి ఏ మొహం చూపిస్తామన్నారు. చివరికి ముసిల్దాన్ని ఒకదాన్ని తోడు పంపితే సరేనన్నారు. పేటలో సగం ఇళ్ళకు అండమానులో మనిషి ఉంటాడు, మరిడమ్మ తమ్ముడు రాముడు కూడా పోర్టుబ్లెయిరులోనే పడవల మీద పని చేస్తున్నాడు. అలా ఆ ముసిల్ది మరిడమ్మ అయింది.

క్లబ్బు వాళ్ళు విమానం ఎక్కారు. సైకిళ్ళనూ, వాటికి కాపలాగా ఈ ఇద్దరినీ విశాఖపట్నంలో ఓడ ఎక్కించారు. మరిడమ్మకు అప్పుడే ఒళ్ళు మండింది. దేవికి మండలేదు. ఓడ కదిలిందగ్గర్నుంచి ఆ పిల్ల ఓడ అంచు కమ్మీ వదల్లేదు. "మామ్మా, నాను నీటి మీదకి ఎక్కీసినాను సూడు" అని తిండి కూడా మరిచిపోయింది. ఆ మొహం చూసి మరిడమ్మ తన తిట్లు తనే మింగింది.

పోర్టుబ్లెయిరులో సముద్రం ఒడ్డున ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకున్నారు. మొదటి రోజు కుదుర్చుకున్న వంటమనిషి రాలేదు. అందరూ ఫోన్లు పట్టుకుని హోటళ్ళు వెతుకుతుంటే దేవి చీర కొంగు బిగించింది. రాముడు తెచ్చిన చేపలు తోమింది, పులుసు పెట్టింది, గంజి వార్చింది, అందరి నీళ్ళ సీసాలు కడిగి నింపింది. ఎవరూ అడగలేదు. అడగక్కర్లేదు కూడా. పేటలో తొలివేటకు, అంటే మొదటిసారి పడవెక్కి చేపలు పట్టడానికి వెళ్ళినవాడు అదే చేస్తాడు. పడవలోకొచ్చిన నీళ్ళు తోడతాడు, అందరికీ కూడు వండుతాడు, ఆఖరున తింటాడు. ఒడ్డుకొచ్చాక మిగతావాళ్ళతో సమానంగా వాటా తీసుకుంటాడు. రెండో వేటకు ఇంక వాడి చేత ఎవరూ వండించరు. అడిగితే అడిగినవాడికే పరువు తక్కువ. మరిడమ్మ కూడా గుమ్మంలో కూర్చుని, పిల్ల పద్ధతి తెలిసినదని మెచ్చుకుంటూ చూసింది. ఆడపుట్టుక పుట్టి తొలివేట చేసింది మా గుంటొక్కతే అనుకుంది.

ఆ పద్ధతి ఈ గుంపుకు ఎవడు చెప్పాడు? వాళ్ళు వేళ్ళు నాకారు, ఫొటోలు తీసుకున్నారు. అనూరాధ అని బ్యాంకులో మేనేజరు, వెన్నలాగా మాట్లాడుతుంది. "దేవీ, నీ పులుసు తింటుంటే మా అమ్మ గుర్తొచ్చింది" అంది. మీ అమ్మనే పిలిపించుకోలేకపోయావా అని మరిడమ్మ నోటిదాకా వచ్చింది కాని, మొదటి రోజు కదా అని ఊరుకుంది.

రెండో రోజు వంటమనిషి వచ్చాడు. పృథ్వీరాజ్ వాణ్ణి గేటు దగ్గరే వెనక్కి పంపేశాడు.

అక్కణ్ణుంచి ఇదే వరస. తెల్లారగానే దేవి అందరితో పాటు సైకిల్ ఎక్కేది. మొదటి కొండ ఎక్కుతుండగానే పృథ్వీరాజ్ పక్కకొచ్చి, "దేవీ, ఇంక తిరుగు. టిఫిను ఆలస్యమైపోతుంది" అనేవాడు. ఎక్కిన కొండ దిగిపోయి ఆ పిల్ల పొయ్యి దగ్గరకొచ్చేది. మిగతావాళ్ళు ఎండంతా తొక్కి, చెమటలు కక్కుకుంటూ వచ్చి, కాళ్ళు గోడకి ఆనించి పడుకుని, ఒకరి పిక్కలు ఒకరు మెచ్చుకునేవాళ్ళు. వాళ్ళు తిన్న కంచాలు దేవి తీసేది. ఒకాయన తడిసిన మేజోళ్ళు కూడా విడిచి, "వీలైతే కొంచెం చూడమ్మా" అన్నాడు. వాటిని మరిడమ్మ కర్రతో ఎత్తి ప్రహరీ అవతల పారేసింది. కాకి ఎత్తుకుపోయిందని చెప్పింది. ఆ ఊళ్ళో కాకులకు మేజోళ్ళు ఎందుకని ఎవరూ అడగలేదు.

"ఒసే, ఇది తొలివేట కాదే. ఈల్లు నిన్ను వంటమనిషి అనుకుంతన్నారు" అంది మరిడమ్మ.

"అనుకోనీ మామ్మా. ఆకరి రోజు నా వాటా నాకొస్తాది. ఆ పెద్దాయన ముందు తొక్కితే సాలు."

పెద్ద రైడు ముందు రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. వరండాలో అందర్నీ కూర్చోబెట్టి పృథ్వీరాజ్ ఎవరు ముందు బయల్దేరాలో, ఎవరు వెనకో చెప్పాడు. దేవి పేరు చివర చెప్పాడు.

"దేవీ, నువ్వు వ్యానులో రా. వంట పొద్దున్నే చేసి ఎక్కించెయ్. చిడియా టాపు చేరేసరికి అందరూ నకనకలాడుతుంటారు."

దేవి చేతిలో కంచాలు ఉన్నాయి. కింద పెట్టింది. "నాను తొక్కుతాను సర్."

"ఇన్ని రోజుల్లో నువ్వెంత తొక్కావు చెప్పు? వీళ్ళంతా రోజూ ఆ కొండలన్నీ ఎక్కి దిగారు. నువ్వు సగంలో తిరిగొచ్చేశావు. ఆయన ముందు వెనకబడిపోతే నీకూ బాగుండదు, నాకూ బాగుండదు."

"సగంలో తిరిగొచ్చింది మీ అన్నం వార్సడానికి సర్."

"నేను వండమన్నానా? మొదటి రోజు నీ అంతట నువ్వే చేశావు. ఇష్టమనుకున్నాం."

దేవి గొంతు పెంచకుండానే చెప్పింది. "మా పేటలో తొలివేటకెల్లినోడు వండుతాడు సర్. ఒడ్డుకొచ్చినాక ఆడికి అందరితో సమానం వాటా. మరో వేటకి ఆడు వండడు. నాను అలగ వండినాను. నా వాటా ఆ రోడ్డే."

"ఎంత మంచి ఆచారం" అంది అనూరాధ. "కానీ ఇది మాకెలా తెలుస్తుంది దేవీ? ముందే చెప్పాల్సింది. ఇంక రేపొక్క రోజే కదా, సర్దుకో తల్లీ."

"నిన్ను ఇంత దూరం తీసుకొచ్చాం. అదే నీ వాటా అనుకో" అన్నాడు పృథ్వీరాజ్. "వచ్చే ఏడాది చూద్దాం."

మరిడమ్మ గోడ పట్టుకుని లేచింది. "పడవ ఒడ్డుకొస్తే మా పేటలో కుక్కకి కూడా ఒక తలకాయి పడేస్తారు బాబూ. మీ కాడ ఆపాటి కూడా లేదు. సదువుకున్నోలు, సీసాల్లో ఉప్పునీల్లు తాగి తిరిగినోలు, ఆడపిల్ల సేత ఎంగిలి ఎత్తించి, ఎంగిలి ఎత్తినావు కాబట్టి నీకు సేతకాదంతారేటి? ఆ సైకిల్లకి కాపలాగా ఓడలో ఎవులు పడుకున్నారు? మీ బాబా?"

"పెద్దమ్మా, మీరు కొంచెం శాంతంగా..." అంటున్నాడు పృథ్వీరాజ్. ఇంకా చాలా ఉంది ఆమె దగ్గర. నలభై ఏళ్ళు చేపల బజారులో కూర్చున్న మనిషి, ఇంకా మొదలే పెట్టలేదు. కాని దేవి ఆమె మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"నన్నెందుకు లాక్కొచ్చినావే?" మరిడమ్మ చెయ్యి విడిపించుకుంది. "నోరు పడిపోయినాదేటి నీకు? నాను ఇంకా ఆ వెన్నముద్ద దాని సంగతి సెప్పనే లేదు."

"ఆల్లకి నీ తిట్లు అరదం కావు మామ్మా. ముసిల్ది ఏటో అరిసినాదనుకుంతారు. సాయంత్రానికి మరిసిపోతారు." దేవి తలుపు దగ్గరగా వేసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నీళ్ళు మాత్రం లేవు. "రేపు నాను తొక్కుతాను. రోడ్డు ఈయనది కాదు. సగం దారిలో పట్టుకుని లాగుతాడేటి? లాగితే లాగనీ, ఆ పెద్దాయన ముందే లాగనీ. ఎనకబడితే ఎనకబడతాను. ఎనకబడినట్టైనా ఆయన సూడాలి."

"మరి వంట?"

దేవి తొమ్మిది రోజులుగా వండుతున్న పెద్ద డేకిసాను కడిగి, గోడవార బోర్లించింది. అటకమీద వెతికి అన్నిటికన్నా చిన్న గిన్నె తీసి, చీర చెంగుతో తుడిచి మరిడమ్మ చేతిలో పెట్టింది.

"పొద్దున్న నువ్వు వండు మామ్మా."

"ఈల్లకా? నానా? సస్తే వండను. నా కట్టె కాలినా వండను."

"ఈల్లకి ఎవులు వండమన్నారు? నాకు వండు. నాకొక్కదానికే. అన్నం ఇందులో పట్టినంత, సేప ముక్క రెండు, పులుసు సిక్కగా పెట్టు. వ్యానెక్కి కూకుని గిన్నె ఒల్లో పెట్టుకో. ఆల్లు తొక్కి తొక్కి ఆకలని నీ సుట్టూ సేరతారు. అనూరాధమ్మ మెత్తగా అడుగుతాది, సర్ గట్టిగా అడుగుతాడు. నువ్వు తిట్టొద్దు, ఏటీ సెప్పొద్దు. నాను సైకిల్ దిగొచ్చిందాకా ఎవులికీ మూత తియ్యకు."