పైసలు చూసిపోయే బాపు

మొన్న బుధవారం నాడు మా బ్యాంకు నుంచి ఒక అమ్మాయి ఇంటికి వచ్చింది. కరీంనగర్‌లో మేముండే ఈ వీధికి ఎండన పడి నడిచి వచ్చిందని జాలిపడి మజ్జిగ ఇస్తే, తాగి, చేతిలోని ఫోను నా వైపు తిప్పి, కిందికి జారి మళ్లీ పైకి లేచిన ఒక గీతను చూపించింది. మార్కెట్టు పడ్డప్పుడు అందరూ భయపడి పారిపోయారని, ఇప్పుడు కోలుకుంటోంది కాబట్టి నా పెన్షన్‌లోంచి నెలనెలా కొంత మ్యూచువల్ ఫండులో వేస్తే బాగుంటుందని ఓపికగా చెప్పింది. అమ్మాయి మంచిదే, చెప్పిందీ తప్పు కాకపోవచ్చు. అయినా నేను కళ్లద్దాలు తెచ్చుకుని, ఆమె ఇచ్చిన కాగితం వెనకవైపు చీమ తలకాయలంత అక్షరాలను మొదటి నుంచి చివరిదాకా చదివి, ఆలోచించి చెబుతానని పంపేశాను. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు కౌంటరులో కూర్చున్న మనిషిని, ఇంత అనుమానం నాకెందుకని ఆమె అనుకునే ఉంటుంది. నా ఈడువాళ్లయితే, అందులోనూ బొగ్గుబావుల పక్క పెరిగినవాళ్లయితే, అనుకోరు.

మాది బెల్లంపల్లి. మా నాన్న, మేము పిలిచేది బాపు అని, బావిలో బొగ్గు నింపే కార్మికుడు. కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టరులో నేను పుట్టాను, అక్కడే పదో తరగతి చదివాను, అక్కడి నుంచే కాలేజీకి వెళ్లాను. బాపు దిగిపోయే ఏడు, అంటే ఆయన రిటైరయ్యే ఏడు, బజారులో ఒక ఫైనాన్సు కంపెనీ తెరిచారు. అద్దాల తలుపులు, లోపల చల్లటి గాలి, గోడకు దేవుడి పటాలు, వచ్చినవాళ్లకు గాజు గ్లాసులో చాయ్. గవర్నమెంటు బ్యాంకులో మా కార్మికులను కౌంటరు దగ్గర కసురుకునే రోజులవి. ఇక్కడేమో కుర్చీ వేసి కూర్చోబెట్టి, బ్యాంకు ఇచ్చేదానికి రెట్టింపు వడ్డీ అని చెప్పేవారు. ఆ చాయ్ మర్యాదకే సగం మంది పడిపోయారని ఇప్పటికీ నా అభిప్రాయం. మిగతా సగాన్ని ఏజెంట్లు తెచ్చారు, ఆ ఏజెంట్లు బయటివాళ్లు కాదు, మా ఇళ్ల వరసల్లో ఉండేవాళ్లే. మా క్వార్టర్ల ఏజెంటు మా మేనమామ, అవ్వకు, అంటే మా అమ్మకు, తోడబుట్టిన తమ్ముడు, బాపుతో కలిసి ఒకే షిఫ్టులో బావిలోకి దిగినవాడు.

బాపు పదవీ విరమణ డబ్బు దాదాపు అంతా మామ మాట మీద అందులోకే పోయింది. రెండేళ్లు వడ్డీ ఠంచనుగా వచ్చింది. ఒక సోమవారం పొద్దున అద్దాల తలుపులకు తాళం కనబడింది. ముందు శనివారం నాడు కూడా అక్కడి మేనేజరు నవ్వుతూ, "ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడట. జనం బజారంతా నిండిపోయారు, ఒకరెవరో రాయి విసిరితే అద్దం పగిలింది, లోపల చూస్తే కుర్చీలు కూడా లేవు. బాపు ఏడవలేదు, తిట్టలేదు, ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని అన్నం పెట్టమన్నాడు. మామతో మాత్రం ఆ రోజు నుంచి మాట్లాడలేదు. మామ కూడా తన డబ్బూ, అత్త నగలు అమ్మిన డబ్బూ అందులోనే పెట్టానని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకున్నాడు గానీ, కమీషను తిన్నవాడి మాట ఎవరు వింటారు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. అత్త మెడలో పసుపుతాడు చూసి కూడా, నగలు ఎక్కడో దాచి ఉంటారని అనుకున్నాను. తమ్ముడికీ భర్తకూ మధ్య అవ్వ మాటలు తగ్గించుకుని బతకడం నేర్చుకుంది.

ఆ మరుసటి ఎండాకాలమే నాకు మా ఊరి సహకార బ్యాంకులో గుమస్తా ఉద్యోగం వచ్చింది. అది చిన్న బ్యాంకు, ఫైనాన్సు కంపెనీతో ఏ సంబంధమూ లేనిది. అయినా పైసలు దాచుకునే చోటు ఏదైనా సరే, పేరు వింటేనే జనం మొహం తిప్పుకునే కాలం. మేము క్వార్టర్లలో ఇల్లిల్లూ తిరిగి ఖాతాలు తెరవమని అడిగేవాళ్లం. ఒకామె నన్ను గడపలోనే నిలబెట్టి, "మీ మామ ఏజెంటు, నువ్వు గుమాస్తా, ఇగ మా పుస్తెలే మిగిలినయి" అంది. నేను తిరిగి వచ్చి బల్ల మీద తల పెట్టుకుంటే, మా మేనేజరు సారు, ఊళ్లోని పాత బట్టల వ్యాపారుల ఇంటినుంచి వచ్చిన ముస్లిం పెద్దమనిషి, చాయ్ తెప్పించి ఒకే ఒక్క మాట చెప్పారు. "చూడమ్మా, పైసలు అడిగినోళ్లను ఎందుకు అని జిందగీల అడగొద్దు. ఎందుకు అంటే వాళ్లకు 'లేవు' అని వినపడ్తది." నా ఉద్యోగ జీవితంలో నేను నేర్చుకున్న బ్యాంకింగు అంతా ఆ మాటలోనే ఉంది.

బాపుకు కంపెనీ నుంచి రావలసిన చివరి బకాయి కొంత ఆలస్యంగా వచ్చింది. ఆయన దాన్ని గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకుని తిరుగుతుంటే, చూడలేక మా బ్యాంకులో వేయమని నెల రోజులు బతిమాలాను. చివరికి వేశాడు. వేసిన నెలకు వచ్చి, పాసుబుక్కు నా ముందు పెట్టి, మొత్తం తియ్యమన్నాడు. తీసిచ్చాను. గోడ పక్క బెంచీ మీద కూర్చుని, నోట్లు ఒక్కొక్కటే చూసుకుని, మళ్లీ కౌంటరు దగ్గరకు వచ్చి జమ చెయ్యమన్నాడు. ఆ తర్వాత ప్రతి నెలా ఇదే తంతు. పక్క గుమస్తాలు నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయ్యేది. సారు మాత్రం, "ఆయన మనకు పరీక్ష పెడ్తుండు, పెట్టనియ్. పాసైతే మన సొమ్మేం పోతది?" అనేవారు. ఆశ్చర్యమేమిటంటే, బాపును చూసి ఇంకో నలుగురైదుగురు ముసలి కార్మికులు అలాగే రావడం మొదలుపెట్టారు, పైసలు చూసి పోవడానికి. వాళ్లను చూసి మరికొందరు ఖాతాలు తెరిచారు.

ఇంతలో ఒక విచిత్రం జరిగింది. బాపు ఖాతాలో ఆయన వెయ్యని డబ్బు కొంచెం కొంచెంగా చేరసాగింది. వేస్తున్నది మామ. ఇంకా బావిలో పనిచేస్తున్నాడు కాబట్టి, జీతాల మరుసటి రోజు బాపు రాని వేళ చూసుకుని వచ్చి, తన చేతికి మిగిలింది బావ ఖాతాకు జమకట్టి, చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుని వెళ్లేవాడు. బాపు పాసుబుక్కులో తేడా మొదటి నెలే పట్టుకున్నాడు. సంతోషించలేదు సరికదా, సారు గదిలోకి వెళ్లి ఫిర్యాదు చేశాడు. "ఇయ్యాల ఎక్కువ రాసినోడు రేపు తక్కువ రాస్తడు, జర చూడుండ్రి" అన్నాడు. ఖాతాలో డబ్బు ఎక్కువ ఉందని ఫిర్యాదు చేసిన మనిషిని సారు అప్పుడే చూడటం. ఎవరో కావాలనే వేశారు, పేరు చెప్పేది లేదని సారు అంటే, బాపు అనుమానం నా మీదికి మళ్లింది, నా జీతంలోంచి దొంగతనంగా వేస్తున్నానని. నాకు మామ మీద ఉన్న అనుమానం ఇంకా పాడుది. పోయిన పరువు సంపాదించుకుని, మా బ్యాంకులో కూడా ఏజెంటుగా చేరాలని ఈ ఎత్తు వేస్తున్నాడని లోపల్లోపల అనుకునేదాన్ని.

అలా ఏడాది గడిచిందో లేదో, పక్క పట్టణంలో ఒక సహకార బ్యాంకు చెల్లింపులు ఆపేసిందన్న వార్త వచ్చింది. మర్నాడు పొద్దున మేము తలుపు తీసేసరికి వరస రోడ్డు దాకా ఉంది. పెట్టెలో ఉన్న నగదు మధ్యాహ్నం దాకా సరిపోతుందేమో, అంతే. మా బ్యాంకు నిల్వలు మంచిర్యాలలో పెద్ద బ్యాంకులో ఉన్నాయి గానీ, అడిగిన రోజే అంత ఇస్తారో లేదో తెలియదు. సారు జీపు మాట్లాడుకుని బయలుదేరుతూ, తలుపు మూయవద్దని, అబద్ధం చెప్పవద్దని చెప్పి వెళ్లారు. గంటలు గడిచేకొద్దీ కౌంటరు మీద చేతులు పెరిగాయి. ఆ వరసలోనే బాపు వంతు వచ్చింది. ఆయన పాసుబుక్కు పెట్టలేదు. నా మొహంలోకి చూసి, అందరికీ వినబడేలా అడిగాడు.

"బిడ్డా, పైసలున్నయా?"

పక్క గుమస్తా బల్ల కింద నా కాలు తొక్కాడు. ఉన్నాయి అనడం ఎంత సులువో నాకు తెలుసు. "గిప్పుడు పెట్టెల ఉన్నయి ఇంకో గంటకు అయిపోతయి బాపూ. సారు మంచిర్యాలకు పోయిండు తేవడానికి. తెస్తడో తేడో నాకు తెల్వది" అన్నాను.

వరసంతా గొల్లుమంది. బాపు మాత్రం వెనక్కి తిరిగి, "తాళం పడే ముందట కూడ ఆ ఫైనాన్సోడు ఫికర్ లేదన్నడు. గీ పొల్ల తెల్వదంటుంది. నేనైతే సారు వచ్చేదాంక కూసుంట" అని వరసలోంచి తప్పుకుని, తన బెంచీ మీద కూర్చున్నాడు. పైసలు చూసిపోయే ముసలివాళ్లలో ఇద్దరు ఆయన దగ్గరకు వెళ్లారు. మిగతావాళ్లు కదల్లేదు, తీసుకునేవాళ్లు తీసుకుంటూనే ఉన్నారు. ఆ మాటతో జనమంతా మారిపోయారని చెబితే అది కథ అవుతుంది. కానీ తోపులాట తగ్గింది, అది నిజం.

సరిగ్గా ఆ సమయంలో మామ వచ్చాడు. బావి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చెవుల వెనక బొగ్గు ఇంకా ఉంది. అందరి చేతుల్లో డబ్బు తీసుకునే కాగితాలుంటే, ఆయన చేతిలో జమ చేసే చీటీ ఉంది. అది చూసిన వాళ్లెవరో, "మళ్ల ఏజెంటు పని షురూ జేసినవా? గిది గూడ ముంచినంకనే పోతవా?" అని అరిచారు. ఆయన జనాన్ని తప్పించుకుంటూ కౌంటరు దాకా వచ్చాడు. జనం నా వైపు చూస్తున్నారు. ఆయన అక్కడ నిలబడిన ఒక్కొక్క క్షణం బ్యాంకుకు చేటని నాకు అనిపించింది. చీటీ అందుకోకుండా, తల వంచుకుని, "మామా, ఇయ్యాల పో" అన్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మూడు మాటలు నాకు మింగుడుపడవు.

మామ వెనుదిరిగాడు. అప్పుడు బెంచీ మీది నుంచి బాపు గొంతు వినబడింది. ఎవరు వేస్తున్నారో ఆయనకు ఆ చీటీ చూడగానే అర్థమై ఉంటుంది. పక్కకు జరిగి, "రా బామ్మర్దీ, కూసో" అన్నాడు. మూడేళ్ల తర్వాత మాట్లాడిన మొదటి మాట అది. మామ బెంచీ కొసన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, ఎదురుగా వీధి వైపు చూస్తూ ఉండిపోయారు.

పెట్టెలో అడుగు కనబడే వేళకు జీపు వచ్చింది. సారు దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో, రెండు పెట్టెలతో దిగారు. అందరికీ ఇచ్చాం, మూసే వేళ దాటినా ఇచ్చాం. జనం పలచబడ్డాక బాపు లేచి వచ్చి, మొత్తం తియ్యమన్నాడు. నాకు ఒళ్లు మండింది గానీ ఎందుకని అడగలేదు. తీసుకుని, చూసుకుని, తిరిగి నా ముందు పెట్టి, దానితోపాటు మామ చేతిలోని చీటీని కూడా తానే తీసుకుని కౌంటరు మీద పెట్టాడు. "గిది గూడ రాయి" అన్నాడు.

పోయిన ఖాతాదారులందరూ తిరిగి రావడానికి రెండేళ్లు పట్టింది, కొందరు ఎప్పటికీ రాలేదు. మామ తాను రిటైరయ్యేదాకా ఆ చీటీలు రాస్తూనే ఉన్నాడు, పోయినదానికి అది ఏ మూలకూ చాలలేదు. బాపు ఆయన్ను మళ్లీ నమ్మాడని నేను చెప్పలేను. ఒకసారి మామ ఏదో ప్లాటు సంగతి ఎత్తితే, వినబడనట్టు లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. కానీ పండక్కి ఆయన లేకుండా అన్నానికి కూర్చునేవాడు కాదు. అవ్వ గొంతు మళ్లీ ఇంట్లో వినబడటం మొదలైంది. నేను మామకు క్షమాపణ చెప్పాలని అనుకుంటూనే ఉన్నాను, ఆయన పోయారు.

ఇప్పుడు ఆ బావులు చాలావరకు మూతబడ్డాయి, మా క్వార్టర్ల వరసలో సగం ఇళ్లకు తలుపులు లేవు, మా చిన్న బ్యాంకు పెద్దదాంట్లో కలిసిపోయింది. మా రోజుల్లో మనుషుల మధ్య నమ్మకం ఉండేదని, ఇప్పుడు పోయిందని నా ఈడువాళ్లు కలిసినప్పుడల్లా అంటుంటారు. నాకలా జ్ఞాపకం లేదు. మేమూ ఒకరినొకరం నమ్మలేదు, తండ్రి బిడ్డను, బిడ్డ మేనమామను నమ్మలేదు. మా అనుమానానికి ఎదురుగా ఒక కౌంటరు, దాని అవతల ఎవరి బిడ్డో తెలిసిన ఒక మొహం ఉండేవి, అంతే తేడా. ఆ మొహాన్ని నిలదీసి అడిగి, అది తెల్వదంటే ఆ మాటను తూచుకుంటూ ఒక మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుని తేల్చుకునే వీలు బాపుకు ఉండేది. ఫోనులోని గీతను అలా నిలదీసే వీలు నాకు లేదు.