ఒక తిట్టుకు పుట్టిల్లు

తిరుచానూరులో పుట్టి పెరిగిన నేను బడి గడప తొక్కలేదు. గుడి ఆఫీసులో పనిచేసే నాయనే పొద్దుటి పూజ కాగానే నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు చెప్పేవారు. డెబ్బైల చివర్లో పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కడదామనుకున్నాం. దరఖాస్తు మీద ఎవరైనా హెడ్మాస్టరు సంతకం కావాలి. గడువు ఇక రెండు రోజులే.

తిరుపతిలో ఒక బడికి వెళ్లాను. హెడ్మాస్టరు కాగితం తిప్పి చూశారు.

"యాడ సదివినావమ్మా?"

"ఇంట్లోనే సార్."

ఆయన పక్కనున్న తెలుగు అయ్యవారి వైపు తిరిగారు. "సూడప్పా, ఈ ఇడియట్ పదో తరగతి రాస్తాదంట!" నవ్వుతూ కాగితం నా వైపు తోసేశారు.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే నాయన ఓదార్చలేదు. "ఆ మాటకు పుట్టిల్లు యాడో తెలుసునా నీకు?" అంటూ అట్ట ఊడిన పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తెచ్చి ముందు పెట్టారు. నేనే వెతికాను. గ్రీకు మాట. మొదట్లో ఏ పదవీ లేకుండా తన పని తాను చూసుకునే మామూలు మనిషి అని అర్థమట. పోనుపోను చదువు లేనివాడు అయింది, ఆ తర్వాత తెలివి లేనివాడు.

నా ఏడుపు ఆగిపోయింది. కుర్చీ లేనివాళ్లకు బుద్ధి లేదని తేల్చింది కుర్చీల్లో కూర్చున్నవాళ్లే అయ్యుంటారు.

మరునాడు అమ్మవారికి దండం పెట్టుకుని మళ్లీ వెళ్లాను.

"సార్, నిన్న మీరన్నది నిజమే. ఇడియట్ అంటే మొదట్లో పదవి లేని మనిషంట. నాకు పదవి లేదు. సదువైతే ఉండాది. ఏమన్నా అడగండి."

అయ్యవారు నవ్వు దాచుకుంటూ దగ్గారు. హెడ్మాస్టరు ఇంగ్లీషు వాచకం తెరిచి, విసిరినట్టే ఇచ్చారు. ఒక పేజీ చదివి తెలుగులో అర్థం చెప్పాను. ఎక్కడా ఆపలేదాయన.

"మొండిదానివే!" అన్నారు చివరికి.

"దాని పుట్టుక కూడా వెతకమంటారా సార్?"

అయ్యవారు ఈసారి దాచుకోలేక పకపకా నవ్వేశారు. హెడ్మాస్టరు కాగితం లాక్కుని సంతకం పెట్టారు.

"ఫెయిలైతే మాత్రం నా పేరు యాడా సెప్పొద్దు."

"పాసైనా సెప్పను సార్."

పాసయ్యాను. ఆ సంతకం పెట్టినందుకు ఆయనకు ఇవాళ్టికీ మనసులో దండం పెట్టుకుంటాను. పేరు మాత్రం చెప్పను.