ఫలక్‌నుమా బెంచీ మీద తురుఫు

ఆ మధ్యాహ్నం ఫలక్‌నుమా స్టేషన్‌లో లోకల్ రైలు ఆలస్యమైంది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ సంచిలోంచి బైబిల్ తీసి ఒళ్లో పెట్టుకుని, సంచిలో దాని కిందున్న పేకముక్కలు బయటికి లాగింది. ఎదురు బెంచీ మీద ఉన్న ముసలి భాయ్‌నీ, ఆయన తమ్ముణ్నీ ఆటకు పిలిచి, నన్ను తన జోడీగా చేసుకుంది.

మొదటి ఆట ఓడిపోయాం. నా చేతిలో మిగిలిపోయిన తురుఫు ముక్కలు చూసి ఆవిడ కళ్లు పెద్దవి చేసింది.

"ఏంది తమ్మీ, గివి పెట్టుకొని కొట్టకుండ ఊకున్నవా?"

"పెద్దాయన మంచి ముక్క వేస్తే కొట్టడానికి మనసు రాలేదమ్మా. నేనూ క్రైస్తవుణ్నే."

"అయితె? నువ్వు తగ్గి ఆడితె ఆయన్ని కమ్జోర్, చాతగానోడు అనుకున్నట్టు. నేను ప్రార్థనల దేవునితోనే కొట్లాడుత. ఆయన ఎన్నడన్న ఫీలైండా?"

భాయ్ పకపకా నవ్వాడు. నా చెవులు వేడెక్కాయి.

రెండో ఆటలో రెండు జోడీలకీ సమానంగా పట్లు వచ్చాయి. చివరి పట్టు ఎవరిదైతే వాళ్లదే గెలుపు. భాయ్ ధీమాగా ఆఠీను ఆసు వేశాడు. నా దగ్గర ఉన్న ఒకే ఒక్క ముక్క, చిన్న తురుఫు, బెంచీ అదిరేలా కొట్టాను.

"హల్లెలూయా!" ఆవిడ కేకకు ప్లాట్‌ఫారమంతా తిరిగి చూసింది. నేనూ అరిచాను.

భాయ్ ఆ ముక్కను చూశాడు, నన్ను చూశాడు, నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. "అబ్ ఆయా మజా! ఇప్పుడు ఆడుతున్నవ్ భాయ్. పంచు, ఇంకో ఆట."

రైలు వచ్చింది, వెళ్లిపోయింది. మా నలుగురిలో ఒక్కరం కూడా లేవలేదు.