మకాడమియా తాళంచెవి

అప్పట్లో, అంటే నా డిగ్రీ అయిపోయి ఉద్యోగం మాత్రం మొదలవని కాలంలో, లోకంలో పప్పంటే జీడిపప్పేననీ, అది కూడా పలాస దాటితే రుచి తగ్గుతుందనీ మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి. (పలాసకు ఆనుకున్న కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టున్న ఇంట్లో పుట్టినవాడికి వేరే మతం ఉండదు.) అలాంటి ఇంటికి మా కొత్త బావ, పెళ్లయ్యాక మొదటిసారి అక్కను తీసుకుని బెంగళూరు నుంచి కారులో వస్తూ, ఒక పొట్లం గింజలు తెచ్చాడు. గోధుమరంగు గోలీల్లా ఉన్నాయి.

"మకాడమియా, మావయ్యా. పుట్టిల్లు ఆస్ట్రేలియా అడవులు. మంచి కొవ్వు ఎక్కువ, గుండెకు మేలు. అక్కడ కేకుల్లో, బిస్కెట్లలో వేస్తారు," అన్నాడు.

నాన్న మర్యాదగా నవ్వాడు. "మరి మా జీడిపప్పు గుండెకేటి సేసింది బాబూ?"

బావ తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లాడు. ఆయన వచ్చేలోగా పప్పు ఒలిచి పళ్లెంలో పెట్టాలని నాన్న పట్టుబట్టాడు. పలాస వ్యాపారి అల్లుడి ముందు ఒక గింజకు ఓడిపోతే బజారులో తలెత్తుకోవడమెలా? ప్రతి గింజకూ సన్నని గాటు కనిపించింది. "మాలు దెబ్బ తినీసింది. అల్లుణ్ణి మోసం సేసీసినారు," అని జాలిపడి, జీడిపిక్కలు కోసే కత్తి తెచ్చాడు. కత్తి వంగింది. సుత్తి తెచ్చాడు. గింజ ఎగిరి గోడమీది పెళ్లిఫొటోకు తగిలింది. సరిగ్గా బావ నుదుటి మీద అద్దం చిట్లింది. అక్క ఏడుపందుకుంది. నేను ఫొటో తీసి బీరువా వెనక దాచాను.

అప్పుడే బావ తల తుడుచుకుంటూ వచ్చాడు. "తాళంచెవి ఎక్కడుంది మావయ్యా?"

నాన్న ముఖం పాలిపోయింది. బావ అలిగి కారెక్కేస్తున్నాడనుకున్నాడు. "ఎల్లిపోకండి బాబూ, అద్దం రేపే మార్పించీత్తాను!"

"ఏ అద్దం?"

నేను బీరువాకు అడ్డంగా నిలబడ్డాను. చివరికి నాయనమ్మ కొంగుముడి విప్పి చిన్న ఇనప తాళంచెవి తీసింది. "పొట్లంలో ఉన్నాది ఇదేనేటి? నా పెట్టికి పట్టనేదు."

బావ దాన్ని గింజ గాటులో పెట్టి తిప్పాడు. టప్పున విచ్చుకుంది. తన ఇనప్పెట్టెను ఎవడో తెరుస్తుంటే చూసినట్టు చూశాడు నాన్న.

ఒలిచిన పప్పంతా నాయనమ్మ కూరలోకని వంటింట్లోకి పట్టుకుపోయింది. మధ్యాహ్నం బావ వంకాయ కూర రెండోసారి కలుపుకుంటూ, "ఎన్నైనా చెప్పండి మావయ్యా, పలాస జీడిపప్పు రుచే వేరు," అన్నాడు.

నాయనమ్మ నాన్నకేసి చూసింది. నాన్న విస్తరికేసి చూసుకున్నాడు. "అమ్మా, అల్లుడికి ఇంకొంచెం ఎయ్యి," అన్నాడు.

ఇప్పుడు కొట్టు నేనే చూసుకుంటున్నాను. మకాడమియా కూడా అమ్ముతాను. వేయించి ఉప్పు చల్లితే నోట్లో వెన్నలా ఉంటుందని కొనేవాళ్లకు చెబుతాను. "జీడిపప్పుకంటే బాగుంటాదేటి?" అని ఎవరైనా అడిగితే మాత్రం, నాన్న కొట్టుకు రావడం మానేసి చాలా ఏళ్లయినా, తల నెరిసిన నేను ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, గొంతు తగ్గించి, "వేరేగా ఉంటాది," అంటాను.