బిజిలీ ఆగే ఊళ్లు

1949 వేసవిలో నన్ను కోదాడ నుంచి మిర్యాలగూడ ఠాణాకు అమీన్‌గా బదిలీ చేశారు. అమీన్ అంటే ఈనాటి సబ్‌ఇన్‌స్పెక్టర్. కమ్యూనిస్టు దళాల సంగతి సాయుధ పోలీసు క్యాంపుల వాళ్లు చూసుకునేవారు. నా వంతుకు మిగిలినవి ఎద్దుల దొంగతనాలు, పొలాల గెట్టు తగాదాలు. గస్తీకి బిజిలీ అనే సర్కారు గుర్రం ఉండేది. పేరుకే మెరుపు, అది పరుగెత్తగా చూసినవాడు లేడు. దాని ఆలనాపాలనా సైసు సైదులుది.

గస్తీకి ఒక పద్ధతి ఉండేది. దారిలోని ప్రతి ఊళ్లో పోలీసు పటేల్ ఇంటి ముందు దిగాలి. పని ఉన్నా లేకున్నా కాసేపు కూర్చోవాలి. జనం వచ్చి తమ గోడు చెప్పుకునేవారు. లేచేటప్పుడు సైదులు గుర్రం మెడ నిమిరి "పా బిడ్డా" అనేవాడు. అప్పుడే అది కదిలేది.

డబ్బంతా క్యాంపులకు పోతుండగా ఠాణాల ఖర్చు తగ్గించమని హుకుం వచ్చింది. గస్తీ బంద్, గుర్రాన్ని సూర్యాపేటలో హర్రాజు వేయాలి, సైసు కొలువు రద్దు. సైదులు తన కొలువు మాటే ఎత్తలేదు.

"ముసల్దైంది సాబ్. ఇటుక బట్టీలకు పోతే సస్తది. జర సూడుండ్రి" అన్నాడు.

నేనే కొందామంటే సర్కారు నౌకరు హర్రాజు పాడరాదు. అందుకని నిడమనూరు దారిన జట్కా నడిపే లచ్చయ్యకు చెప్పి కొనిపించాను.

వారం తిరగకుండానే లచ్చయ్య ఠాణా మెట్లెక్కాడు.

"ఇది గుర్రం గాదు సాబ్, మీ జవానే! ఊరూరికీ పటేల్ ఇంటి ముంగట నిలవడ్తది. కొట్టినా కదలదు. కిరాయోళ్లు దిగి నడిసిపోతున్నరు. ఇగ బట్టీకే అమ్ముత!"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సైదులును పిలిపించి ఇద్దరినీ జట్కాలో నిడమనూరు పంపాను. దారిలో గుర్రం ఆగిన చోటల్లా సైదులు దిగి మెడ నిమిరి "పా బిడ్డా" అన్నాడట. అది బుద్ధిగా నడిచిందట. మర్నాటి నుంచి లచ్చయ్య అతన్నే జట్కా తోలేవాడిగా పెట్టుకున్నాడు.

ఆగడం మాత్రం బిజిలీ మానలేదు. అది ఆగితే అలవాటు కొద్దీ జనం బయటికి వచ్చేవారు. చెప్పాల్సింది సైదులుతో చెప్పేవారు, అతను నాకు చేరవేసేవాడు. ఒకసారి అన్నదమ్ములు గెట్టు కాడ గొడ్డళ్లు తీశారని కబురు తెచ్చాడు. నేను అదే జట్కాలో, మిరపకాయ బస్తాల మధ్య ఇరుక్కుని వెళ్లాను. నేను చెప్పకుండానే గుర్రం పటేల్ ఇంటి ముందు ఆగింది. ఆ పూట రక్తం చిందలేదు.

తర్వాతి కాలంలో నాకు జీపులు ఇచ్చారు. దారిలో ప్రతి ఊళ్లో ఆపమనేవాణ్ణి.

"గీడ ఏం పనుంది సార్?" అని డ్రైవర్లు విసుక్కునేవారు.

ఏం పని లేదనే చెప్పేవాణ్ణి. పని పడ్డప్పుడే ఆగితే జనం నోరు విప్పరని నేను తెలుసుకున్నది ఆ గుర్రాన్ని అమ్మేశాకే.